మోహెర్ మానేసి క్లాన్‌మక్‌నాయ్స్‌కి

డబ్లిన్‌లో ఎంఎస్ చేస్తున్న మన సీనియర్ల స్టేటస్‌లు చూస్తే ఐర్లాండ్ అంటే క్లిఫ్స్ ఆఫ్ మోహెర్ ఒక్కటే అనిపిస్తుంది. 214 మీటర్ల ఎత్తు, కింద అట్లాంటిక్. బాగుంటుంది, కాదనను. కానీ నలుగురు కలిసి కారూ డ్రైవరూ మాట్లాడుకుని మరీ కోట, మఠం, సముద్రం అన్నీ ఒకే రోజులో చుట్టేయాలనుకోవడం నాకు నచ్చదు. మోహెర్‌కి వెళ్లడానికే దాదాపు మూడు గంటలు. బండి మనదైనప్పుడు ఎక్కడ ఆగాలో కూడా మనమే చెప్పొచ్చు కదా?

నేనైతే క్లాన్‌మక్‌నాయ్స్‌లో సగం రోజు ఆగమంటాను. షానన్ నది ఒడ్డున 544లో సెయింట్ కియరన్ పెట్టిన మఠం అది. 1552లో ఇంగ్లిష్ సైనికులు దోచుకున్నాక మళ్లీ కోలుకోలేదు. పక్కనే నార్మన్ల కోట, గోడలు ఒరిగిపోయి ఉంటాయి. అంటే కోట కూడా అయిపోయినట్టే!

అసలు చూడాల్సినవి సమాధి పలకలు. చాలావాటి మీద ‘ఫలానా వారి కోసం ప్రార్థన’ అని ఐరిష్ భాషలోనే చెక్కారు. ఐరిష్ సాహిత్యంలో మిగిలిన అతి పాత పుస్తకాల్లో ఒకటైన ‘లెబోర్ న హూద్రె’ రాసినవాళ్లలో ఒకాయన్ని 1106లో ఇక్కడి చర్చిలోనే దోపిడీదారులు చంపేశారు. ఇప్పుడేమో రోడ్డు బోర్డు మీద ఐరిష్, గైడ్ నోట ఇంగ్లిష్. స్కూల్లో తెలుగు మాట్లాడినందుకు ఫైన్ కట్టిన మనలాంటోళ్లు ఆ పలకల ముందు ఒక్క సెల్ఫీతో ఎలా కదులుతారో నాకర్థం కాదు.

సముద్రం కావాలా? సాయంత్రం డబ్లిన్‌కి వచ్చేసి హౌత్‌కి డార్ట్ రైలెక్కండి.