ఆరో వేలుంటే వెలివేయాలా?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తా ఉన్నాము, తీరిగ్గా చదవండి. మేము చదివింది అరవ బడిలో. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాము. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

పోయిన నెల మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చింది. దానికి బడిలో ఒక ఇంగ్లీషు నవల పాఠం. పేరు 'ది క్రిసలిడ్స్'. రాసినాయన జాన్ విండమ్, అచ్చయింది 1955లో. "ఇది సైన్సు కథ తాతా, నీకు విసుగొస్తుంది" అనింది. మూడు దినాలు దాని పక్కన కూర్చుని కథంతా చెప్పించుకున్నాము. విసుగు మాట అటుంచండి, మన ఊరి కథ విన్నట్టే ఉండింది.

కథ ఇది. ఎప్పుడో ఒక ప్రళయం వచ్చి లోకం కాలిపోయింది. అణుబాంబులే అయ్యుంటాయని చదివేవాళ్ళకు తెలుస్తుంది. కథలోని వాళ్ళకు మాత్రం అది దేవుడు వేసిన శిక్ష. లాబ్రడార్ అనే చలిదేశంలో వాక్నుక్ అని ఒక ఊరు. మళ్ళీ ప్రళయం రాకుండా ఉండాలంటే అన్నీ పాతకాలంలో ఉన్నట్టే ఉండాలని వాళ్ళ నమ్మకం. పైరు వేరే తీరుగా మొలిస్తే తగలబెడతారు. దూడ వేరే తీరుగా పుడితే కోసేస్తారు. మనిషి వేరే తీరుగా పుడితే అడవి అంచుకు తరిమేస్తారు. సోఫీ అనే చిన్నపిల్ల కాలికి ఆరు వేళ్ళు. ఆ పిల్ల చేసిన నేరం అంతే. బండ మీద తడి అడుగు చూసి ఒక పిల్లోడు కనిపెట్టేస్తాడు. ఇంక ఆ కుటుంబానికి ఊర్లో చోటు లేదు.

మన దిక్కున ఆరో వేలుంటే అదృష్టమంటారు. అక్కడ అదే దయ్యం గుర్తు.

ఆ నవలలో ఇంకో సంగతి మాకు నిద్ర పట్టనీయలేదు. పుట్టిన ప్రతి బిడ్డనూ ఇన్స్పెక్టరు చూసి, సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇయ్యాల. హ్యారియెట్ అనే ఆమె బిడ్డకు ఏదో చిన్న లోపం. తోడబుట్టిన అక్కకు కూడా అప్పుడే బిడ్డ పుట్టింది. "ఇన్స్పెక్టరుకు చూపించడానికి నీ బిడ్డను ఒక్క దినం ఇయ్యి" అని ఆమె అక్క కాళ్ళా వేళ్ళా పడుతుంది. అక్క ఇయ్యదు. బావ తిట్టి పంపిస్తాడు. తరువాత ఆమె శవం ఏట్లో దొరుకుతుంది. బిడ్డ సంగతి ఎవరూ ఎత్తరు. ముప్పై ఏండ్లకు పైగా రైల్వేలో కాగితాల మధ్యే బతికినవాళ్ళం మేము. మనిషి కోసం కాగితమా, కాగితం కోసం మనిషా అని ఆ రాత్రంతా ఆలోచన పోలేదు.

ఇట్లాంటివి కథల్లోనే జరుగుతాయని అనుకోవద్దు. 2019 సెప్టెంబరులో మన తాలూకాలోనే, పెమ్మనహళ్ళి గొల్లరహట్టిలో, అప్పటి మన చిత్రదుర్గ ఎంపీ ఎ. నారాయణస్వామి గారు దళితుడని లోపలికి రానీయలేదు. ఓట్లేసి గెలిపించుకున్న మనిషికే ఆ గతి. ఆయన బలవంతంగా లోపలికి పోకుండా వెనక్కి తిరిగినారు. 2023 జూలైలో తుమకూరు దగ్గర మల్లేనహళ్ళి గొల్లరహట్టిలో బాలింతను, పసికందును మైల పేరుతో ఊరి బయట గుడిసెలో పెట్టినారు. వానకు, చలికి ఆ బిడ్డ పోయింది. అట్లా ఊరి బయట పెట్టడం తప్పని 2017లోనే కర్ణాటకలో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా హట్టిలో భయమే గెలిచింది.

ఆ తల్లిని బయట పెట్టినవాళ్ళు రాక్షసులు కాదు. ఆచారం తప్పితే దేవుడు కోపగిస్తాడని నిజంగానే భయపడినారు. వాక్నుక్ వాళ్ళదీ అదే భయం. భయపడినవాళ్ళ మీద జాలిపడొచ్చు. కానీ ఆ భయానికి ఖరీదు కట్టింది ఎవరు? రెండు చోట్లా పసిబిడ్డే.

హట్టి వాళ్ళను చూపించి "వాళ్ళట్లా, మనం చదువుకున్నవాళ్ళం" అనుకునే ముందు మన సంగతి చూసుకుందాము. రాబోయే సర్వసభ్య సభకు వచ్చిన ఒక తీర్మానం మీకందరికీ తెలుసు. మన సభ్యుల్లో ఒకరి కూతురు బయట సంబంధం చేసుకుంది. ఆ ఇంటి పేరు సంఘం డైరెక్టరీ నుంచి తీసేయాలట. అంతటితో ఆగలేదు. ఆ అమ్మాయి తమ్ముడు ఈ ఏడు ఎస్ఎస్ఎల్‌సీలో మంచి మార్కులతో పాసయినాడు. ప్రతిభా పురస్కారం జాబితాలో వాని పేరు ముందు ఉండింది, ఇప్పుడు లేదు. పదహారేండ్ల పిల్లోడు ఏమి తప్పు చేసినాడు? వానిది ఎన్నో వేలు?

"కట్టుబాటు లేకపోతే సంఘమెందుకు?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేము కూడా పెద్దవాళ్ళమే, మాకూ ఆ దిగులు ఉంది. పిల్లలు బెంగళూరు పోయినారు, ఇంట్లో తెలుగు తగ్గింది, పండగలకు కూడా అందరూ రావడం లేదు. ఉన్నది జారిపోతా ఉందన్నప్పుడు మనిషి పిడికిలి బిగిస్తాడు. కానీ బిగించిన పిడికిట్లో ఇసుక నిలవదు కదా.

1992లో రైల్వే యూనిగేజ్ పథకం తెచ్చింది. మీటరు గేజి లైన్లు తీసి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వేసుకుంటూ వచ్చినారు. ఒక బండిలో సరుకు దించి ఇంకో బండికి ఎత్తే కష్టం పోయింది. ఇనుప పట్టాలకు అది మంచి పని. మనుషులకు కూడా ఒకటే గేజి పెడితే ఎట్లా ఉంటుందో మాకు చిన్నప్పుడే తెలిసింది. అరవ బడిలో మమ్మల్ని 'గొల్టి' అన్నారు. సెలవులకు పావగడ వస్తే ఇక్కడి పిల్లలు 'అరవోడు' అన్నారు. ఆఫీసులో కన్నడం సరిగ్గా రాదని నవ్వినారు. మూడు చోట్లా కొలతకు రాని సరుకే మేము. అయినా ఈ సంఘం మమ్మల్ని చేర్చుకుంది. ఆ రుణం ఉండబట్టే ఇంత రాస్తా ఉన్నాము.

మారము అన్నంత మాత్రాన మార్పు ఆగదు. తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో సోలార్ పలకలు వచ్చినాయి, 2,050 మెగావాట్లు. తాతల నాటి శనక్కాయల చేను కౌలుకిచ్చి, ఎకరాకు ఏడాదికి ఇంత అని లెక్క కట్టి తీసుకున్నాము. దానికి ఆచారం అడ్డం రాలేదు. డబ్బు తెచ్చే మార్పుకు తలుపు తీసి, మనిషిని తెచ్చే మార్పుకు గడియ పెట్టడం ఏమి న్యాయం?

ఇంక వయసు పిల్లలకు ఒక మాట. ఆ నవల చివర్న దూరదేశం నుంచి ఎగిరే యంత్రంలో ఒకామె వచ్చి మన పిల్లలను కాపాడుతుంది. వాళ్ళు మాట లేకుండా మనసుతో మనసు మాట్లాడుకోగలరు, ఆమె కూడా అంతే. కానీ తరుముకొచ్చిన వాళ్ళను, అడవి అంచున బతికే అభాగ్యులను కూడా కలిపి ఆమె చంపేస్తుంది. పాతవాళ్ళు పోవాల్సిందే, కొత్తవాళ్ళకు చోటు కావాలని సమాధానం చెబుతుంది. మా మనవరాలు అక్కడ పుస్తకం మూసి "ఈమె కూడా వాళ్ళ నాయన లాంటిదే కదా తాతా" అనింది. డేవిడ్ అనే పిల్లోని తండ్రి ఆ ఊర్లో అందరికంటే కఠినుడు, అతన్ని తలుచుకుని అనింది. వాట్సాప్‌లో పెద్దలను 'మూర్ఖులు, పోతే పీడ పోతుంది' అని రాసే పిల్లలు ఆ మాట వినాల. వెలి వేసేవాళ్ళను వెలి వేస్తే వెలి పోదు, చేతులు మారుతుంది అంతే.

సభలో మేము లేచి అడగబోయేది మూడు సంగతులు. ఆ తీర్మానం వాపసు తీసుకోవాల. ఆ పిల్లోని పేరు జాబితాలో తిరిగి చేర్చి, వేదిక మీదికి పిలిచి పురస్కారం ఇయ్యాల. పెండ్లి కారణంగా ఏ ఇంటి పేరూ డైరెక్టరీ నుంచి తీయకూడదని నియమావళిలో రాసుకోవాల. ఒప్పుకోని పెద్దలు సభలోనే మాట్లాడండి. కూర్చుని వింటాము, మారు మాట కూడా మర్యాదగానే చెబుతాము. చెయ్యెత్తే ముందు ఆ పిల్లోని ముఖం ఒక్కసారి తలుచుకోండి, చాలు.

నమస్కారాలతో, మీ రైల్వే పెద్దాయన.