నీళ్లు తగిలేదాకా పిండికి కులం లేదు

సంక్రాంతి ఇంకా పదిహేను రోజులుందనగానే కరీంనగర్‌లో సకినాల వ్యాపారం మొదలవుతుంది. కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో, అపార్టుమెంట్ల నోటీసు బోర్డుల మీద, కిరాణా దుకాణాల గోడల మీద ప్రకటనలు వెలుస్తాయి. ఇంటివద్ద స్వయంగా చేసిన సకినాలు, అరిసెలు, గారెలు, నువ్వుల ముద్దలు అని రాసి, కింద ఫోన్ నంబరు ఇస్తారు. కొన్నింటిలో మరొక మాట అదనంగా ఉంటుంది: ‘మడితో చేసినవి’, ‘ఆచారవంతుల చేతివంట’. ధర కన్నా పెద్ద అక్షరాలలో ఆ మాటే కనిపిస్తుంది. దాన్ని చదివి ఎవరూ ఆశ్చర్యపోరు, అభ్యంతరం చెప్పరు. నాణ్యతకు అదొక హామీపత్రం అన్నట్టుగానే స్వీకరిస్తారు.

నా పూర్వ విద్యార్థిని ఒకామె అదే పట్టణంలో ఉంటుంది. మాదిగ కుటుంబం. ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి చూసి, చివరకు ఒక చిన్న ఓవెన్ కొనుక్కొని ఇంట్లోనే కేకులు చేయడం మొదలుపెట్టింది. మైదా, కోడిగుడ్లు, వెన్న, చక్కెర అన్నీ కొలతలతో నేర్చుకుంది. రెండేళ్లలో ఆమె కేకు కోయని పుట్టినరోజు ఆ చుట్టుపక్కల వీధుల్లో లేదనేంత పేరు వచ్చింది. ఆ ధైర్యంతో మొన్నటి సంక్రాంతికి సకినాల ఆర్డర్లు తీసుకుంటానని ప్రకటించింది. పది కిలోల బియ్యం నానబోసింది. వచ్చిన ఆర్డర్లు రెండు కిలోలు. ఏడాది పొడవునా కేకులు కొన్న గృహిణి ఒకరు ఫోన్ చేసి, చాలా మర్యాదగా, ‘మీరు ఎవలోళ్లమ్మా?’ అని అడిగిందట. ఆ సంగతి ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ‘సార్, కేకుకు లేని కులం సకినానికి ఎక్కడినుంచి వచ్చింది?’ అని అడిగింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

మొదట కేకు సంగతి. మన పట్టణాలకు బేకరీ వంటకం ఇరానీ, ముస్లిం రొట్టె భట్టీల నుంచి, క్రైస్తవుల క్రిస్మస్ పండుగ నుంచి వచ్చింది. దానికి శాస్త్రం లేదు, తిథి లేదు, నైవేద్యం లేదు. అట్టపెట్టెలో వస్తుంది, చేసిన చెయ్యి కనిపించదు. అందుకే దానికి కులం అంటలేదని అనుకుంటాం. కానీ చరిత్ర అలా లేదు. 1890లో పుణెలోని పంచ్‌హౌద్ మిషన్‌లో క్రైస్తవులిచ్చిన టీ, బిస్కెట్లు పుచ్చుకున్నారన్న నింద మీద రానడే, తిలక్ వంటి ప్రముఖులే ఛాందసుల విచారణను ఎదుర్కొన్నారు. ప్రాయశ్చిత్తాల దాకా వెళ్లింది ఆ వివాదం. ఒకప్పుడు బిస్కెట్టుకు అంతటి అపవిత్రత ఉండేది. ఇవాళ అగ్రహారంలో కూడా దాన్ని టీలో ముంచుకొని తింటారు. అంటే వంటకానికి అంటిన కులం రాతిమీద చెక్కినది కాదు, చెరిగిపోగలదు. అయితే దాన్ని చెరిపింది సంస్కరణ కాదు, మార్కెట్. మార్కెట్ చెయ్యిని దాచిపెట్టిన చోటే కులం చెరిగింది. చెయ్యినే సరుకుగా అమ్మే చోట, ‘ఇంటివంట’, ‘అమ్మచేతి వంట’ అని అమ్మే చోట, కులం మరింత ప్రియమైన సరుకైంది. ఏ ఇల్లు? ఏ అమ్మ? ఆ ప్రకటనలు పైకి అడగని ప్రశ్నలు ఇవే. కొనేవాళ్లు మాత్రం వీటికి జవాబు తెలుసుకున్నాకే డబ్బు ఇస్తారు.

కులవ్యవస్థపై రాసిన సామాజిక శాస్త్రవేత్తలు ఉత్తరాది గ్రామాల్లో కచ్చా, పక్కా అని రెండు రకాల వంటలను గుర్తించారు. నీళ్లలో ఉడికింది కచ్చా, తక్కువ కులం చేతినుంచి తీసుకోరాదు. నేతిలోనో నూనెలోనో వేగింది పక్కా, కొంత సడలింపు ఉంటుంది. ఆ లెక్కన నూనెలో వేగిన సకినం చాలా దూరం ప్రయాణించగలగాలి. కానీ సడలింపులన్నీ ఊరి లోపలి కులాల మధ్యనే. వాడ పొలిమేర దగ్గరకు రాగానే ఆగిపోతాయి.

దీన్ని నేను పుస్తకాలకన్నా ముందు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పెళ్లయిన కొత్తలో, డెబ్భైలలో, ఆమె మా ఊరి పెద్ద ఇంట్లో వడ్లు దంచేది. పొలంలో నాటు వేసింది ఆమే, కోత కోసింది ఆమే, కుప్ప నూర్చింది మా నాన్న. వడ్లు దంచి, చెరిగి, నూకలు వేరుచేసి, తెల్లని బియ్యం గంపకెత్తి ఇచ్చేది ఆమే. అంతవరకు ఆమె చెయ్యి ఎవరికీ మైల కాలేదు. పండుగకు సకినాల కోసం ఆ బియ్యాన్ని కడిగి నానబోసిన క్షణం నుంచి మాత్రం ఆమె గడప ఇవతలే. తడి బియ్యం దంచడం ఆ ఇంటి కోడళ్ల పని. ‘నీళ్లు తగిలేదాకా పిండికి కులం లేదు బిడ్డా’ అనేది అమ్మ. కులంపై నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఇంత క్లుప్తమైన నిర్వచనం నాకు తారసపడలేదు. విత్తనం నుంచి గింజ దాకా, గింజ నుంచి పిండి దాకా ఉన్న శ్రమంతా దళిత స్త్రీది. పిండి ముద్దగా మారి, ఇల్లు, పండుగ, ఆత్మీయత అనే పేర్లు పెట్టుకునేసరికి ఆమె బయట ఉంటుంది. ఇవాళ ‘మొదటినుంచి చివరిదాకా అన్నీ ఇంట్లోనే చేశాం’ అని గర్వంగా చెప్పుకునే వంటలలో ఆ ‘మొదట’ ఎప్పుడూ లెక్కలోకి రాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మ ఒక పండుగకు సకినాలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టి, నాకు చదువు చెప్పే పంతులుగారింటికి పంపింది. ఆయన మంచివాడే. నవ్వుతూ డబ్బా తీసుకున్నారు. మర్నాడు ఖాళీ డబ్బా తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు వాళ్ల కొట్టం పక్కనున్న కుడితి గోలెంలో సకినాలు తేలుతూ కనిపించాయి. నూనెలో వేగినవి కనుక వెంటనే మెత్తబడలేదు, చుట్టలు చుట్టలుగా అలాగే ఉన్నాయి. పంతులుగారికి బాగా నచ్చాయన్నారని అమ్మకు చెప్పాను. మరుసటి ఏడాది ఇంకొంచెం ఎక్కువ చేసి పంపింది.

సకినం సంగతి ఇలా ఉంటే, దాని పేదచుట్టం సర్వపిండి చరిత్ర వేరు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లిగడ్డ కలిపి, సర్వ అడుగున చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, సన్నని నిప్పుల మీద మూతపెట్టి కాల్చడం. ఓవెన్ లేని బేకింగ్ అంటే ఇదే. వాన పట్టిన రోజు, కూలి దొరకని రోజు, పొయ్యిలో మిగిలిన నిప్పును వృథా చేయకుండా చేసుకునే తిండి. నగరంలో ఇప్పుడది ‘తెలంగాణ రుచులు’ పేరిట పళ్లెంలో వడ్డించే వంటకం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో సకినం, సర్వపిండి, సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలు మన అస్తిత్వానికి గుర్తులయ్యాయి. అది సమంజసమే. కోస్తా వంటలనే తెలుగు వంటలుగా చలామణి చేసిన ఆధిపత్యానికి అది జవాబు. కానీ ఆ జాబితాలోకి ఎండు తునకలు ఎందుకు రాలేదో ఆలోచించాలి. మాంసాన్ని సన్నగా కోసి, పసుపు, ఉప్పు పట్టించి, దండెం మీద ఎండబెట్టి, వానాకాలానికి దాచుకొని గోంగూరతోనో చింతచిగురుతోనో వండుకునే కూర, వేల కుటుంబాలకు ఆకలి తీర్చిన, ఊరట ఇచ్చిన ఇంటివంట. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విద్యార్థులు క్యాంపస్‌లో పెద్దకూర పండుగ జరిపినప్పుడు ఎదురైన దాడిని గుర్తుచేసుకుంటే, రాష్ట్రీయ అస్తిత్వం ఏ వంటింటి దగ్గర ఆగిపోయిందో తెలుస్తుంది.

వంటిల్లు రాజకీయ స్థలం కాదనుకునేవారు 1978 నాటి కరీంనగర్ జిల్లాను చూడాలి. సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత గ్రామాలు దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి, మంగలి, పశువుల కాపరి, జీతగాడు అందరూ గడీకి పని మానేశారు. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అంటే, ఒక ఇంటి బట్టలు ఉతకకపోవడం, గొడ్లు కాయకపోవడం శాంతిభద్రతల సమస్య అయింది. గడీలో ఇల్లు అనేది ఎంతమంది చేతుల మీద నిలబడిందో ఆ ప్రకటనే చెప్పింది. మా అమ్మ ఆ ఏడాదే వడ్లు దంచడం మానేసింది.

ఇక ఆదిలాబాద్ వైపు చూద్దాం. వేసవి మొదట్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద రాలిన పూలను ఏరుకొని, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకోవడం గోండు, కొలాం కుటుంబాలకు తరతరాల అలవాటు. ధాన్యం నిండుకున్న నెలల్లో ప్రాణం నిలబెట్టినది ఆ పువ్వు. వలస పాలకులకు మాత్రం అందులో సారా ఒక్కటే కనిపించింది. 1892లో బొంబాయి ప్రభుత్వం థానా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు సేకరణను, అమ్మకాన్ని కట్టడి చేస్తూ ఏకంగా ఒక చట్టమే తెచ్చింది. అటవీ, ఆబ్కారీ శాఖల దృష్టిలో పువ్వు ఏరిన ఆదివాసీ స్త్రీ అనుమానితురాలే. ఇప్పుడు అదే పువ్వును పల్లీలు, నువ్వులు, బెల్లంతో కలిపి ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం లడ్డూలు చేస్తున్నది. రక్తహీనత ఉన్న బాలికలకు ఆశ్రమ పాఠశాలల్లో వాటిని ఇస్తున్నారు. 2025 మార్చి 30న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇప్పపువ్వుతో చేస్తున్న వంటకాలను ప్రస్తావించారు కూడా.

సంతోషించదగిన విషయమే. ఆ లడ్డూ నేను తిన్నాను, బాగుంది. తీపి కొంచెం ఎక్కువని నా అభిప్రాయం. కానీ ఈ ఆదరణకు ఉన్న షరతును గమనించాలి. పువ్వు లడ్డూగా మారి, పోషకాహార నిపుణుల ఆమోదముద్ర వేసుకొని, పొట్లంలో వస్తేనే గౌరవం. అదే చెయ్యి అదే పువ్వుతో పెర్సాపేన్ పూజకు కాచిన సారా ఇప్పటికీ నేరమే. జొన్నకూ ఇదే జరిగింది. నిన్నటిదాకా జొన్న గటక తినేవాడు మోటువాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక జొన్న ఆరోగ్యమైంది, దాన్ని శతాబ్దాలుగా తిన్నవాళ్లకు మాత్రం ఆ గౌరవంలో వాటా రాలేదు.

ప్రభుత్వం తలచుకుంటే ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. మధ్యాహ్న భోజన పథకంలో వంటవారి నియామకాల్లో దళితులకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఆ ఆదేశంలోని దూరదృష్టిని మనం సరిగా గుర్తించలేదు. పిల్లవాడికి ఎనిమిదేళ్ల వయసులోనే దళిత స్త్రీ వండిన అన్నం అలవాటైతే, పెద్దయ్యాక ‘మీరు ఎవలోళ్లు’ అని అడిగే అవసరం తగ్గుతుంది. కానీ 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఏం జరిగింది? అగ్రకుల పిల్లలు తినడం మానేశారని దళిత వంటమనిషినే ఉద్యోగం నుంచి తీసేశారు. పైగా కేంద్రం 2009లో ఈ వంటవారికి నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు. అంతరానితనాన్ని వంటింట్లో ఎదుర్కొనే పనికి రోజుకు ముప్పైమూడు రూపాయలు!

తెలంగాణలో 2024లో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలయ్యాయి. కలెక్టరేట్లలో, ఆసుపత్రుల్లో స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపే ఈ క్యాంటీన్లలో వంట ఎవరు చేస్తున్నారు, గిన్నెలు ఎవరు తోముతున్నారు అన్నది కులాలవారీగా లెక్కతీసి బయటపెట్టాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వంట బాధ్యతలో దళిత, ఆదివాసీ స్త్రీలకు ఖచ్చితమైన వాటా ఉండాలి. పథకం పేరులో శక్తి ఉంటే చాలదు, గరిటె ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం.

దీనికి నా మిత్రుడొకరు అంబేడ్కర్‌నే అడ్డువేశారు. సహపంక్తి భోజనాలు కుల భావాన్ని చంపలేకపోయాయని, కులాంతర వివాహమే అసలు మందు అని ఆయన 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పారు కదా అన్నారు. నిజమే చెప్పారు. కానీ పక్కన కూర్చొని తినడం వేరు, ఆమె వండింది డబ్బిచ్చి కొని, ఇంటికి తెచ్చుకొని, దేవుడి ముందు పెట్టడం వేరు. మొదటిదానిలో అగ్రకులం ఔదార్యం చూపుతుంది, రెండోదానిలో ఆమె నైపుణ్యానికి ధర చెల్లిస్తుంది. పెళ్లి కుదరడానికి ముందు పొయ్యి కుదరాలన్నది నా వాదన. మిత్రుడు ఒప్పుకోలేదు.

నా విద్యార్థిని సమస్య ఇవేవీ తేలేదాకా ఆగదు. మిగిలిన ఎనిమిది కిలోల సకినాలను ఆమె ఎస్సీ బాలికల హాస్టల్‌లో పంచిపెట్టింది. ఆ తరువాత మరో ప్రశ్నతో ఫోన్ చేసింది. పొట్లాల్లో అమ్మాలంటే తయారుచేసినవారి పేరు, చిరునామా ముద్రించాలి. ఆమె పేరులో కులం తెలియదు. చిరునామాలో తెలుస్తుంది. వాళ్లుండేది అంబేడ్కర్ కాలనీ. పట్టణం మధ్యలో ఉన్న స్నేహితురాలి ఇంటి చిరునామా వేసుకొమ్మని చుట్టాలు చెబుతున్నారట. నన్నేం చేయమంటారు సార్ అని అడిగింది. తరగతి గదిలో అయితే వెంటనే సమాధానం చెప్పేవాణ్ని. ఆమె ఓవెన్‌కు ఇంకా నెలవారీ వాయిదాలు కడుతోంది. నీ ఇష్టం అమ్మా అన్నాను.

గత వారం నాకొక పొట్లం వచ్చింది. లోపల సర్వపిండి, విరగకుండా అరటాకులో చుట్టి ఉంది. లేబుల్ మీద ఇంటి నంబరు, అంబేడ్కర్ కాలనీ, కరీంనగర్ అని ముద్రించి ఉంది. ఎన్ని అమ్ముడుపోయాయని అడిగాను. ఇంకా మొదటి వారమే కదా సార్ అంది.