పహాణీని గూడెంలో చదవండి

ఏజెన్సీలో భూమి ఎవరిదని అడిగితే అధికారులు పహాణీ తీస్తారు. ఆ పహాణీ రాసేటప్పుడు మనల్ని అడిగినవాళ్లు లేరు. మండల ఆఫీసులో రాస్తారు, అక్కడే సంతకం పెడతారు.

1/70 చట్టం ఏమంటోంది? ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా, అది ఆదివాసీ నుంచి వచ్చిందనే అనుకోవాలంటోంది. రుజువు చేసుకోవాల్సింది అతను. ఆఫీసులో మాత్రం "నీ పేరు లేదు, కాగితం తే" అని ఆదివాసీనే తిప్పుతారు. చట్టం ఇచ్చినదాన్ని రికార్డు రాసే చెయ్యి లాక్కుంటోంది.

తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది. అనుభవదారు కాలం ఎత్తేశారు. పట్టా లేకుండా తాతల నాటి నుంచి దున్నుతున్నవాళ్లు రికార్డులోంచి మాయమయ్యారు. తప్పుడు రాతను కంప్యూటర్‌కెక్కిస్తే ఒప్పవుతుందా?

అన్యాక్రాంతాన్ని ఆపడానికి, పోయిన భూమిని తిరిగి ఇప్పించడానికి 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. రికార్డే చూడని గ్రామసభ దేన్ని ఆపుతుంది? ఏటా పహాణీని గూడేనికి తేవాలి. కోయ, గోండి, కొలామి, ఎవరి భాషలో వాళ్లకు ప్రతి సర్వే నంబరూ చదివి వినిపించాలి. అభ్యంతరాలు రాసుకుని రసీదివ్వాలి. అప్పటిదాకా ఏ సంతకాన్నీ మనం ఒప్పుకోవద్దు.