ఐదు లైట్లకు ఐదు రోగాలా?

పాత కారు మీటర్ బోర్డులో ఒక లైటు వెలిగితే మనవాళ్లు పట్టించుకోరు. ఐదు ఒక్కసారిగా వెలిగితే మాత్రం బండికి తద్దినం పెట్టేస్తారు. ‘కంప్యూటర్ పోయింది సార్, ఇంక దీన్ని వదిలించుకోండి’ అనే మాట హిందూపురం, పెనుకొండ, ధర్మవరం షెడ్లలో వేదవాక్కయి కూర్చుంది. 2019లో ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక దానికి మరింత బలమొచ్చింది. గడప ముందే కొత్త కార్లు పుడుతుంటే పాత ఏపీ 02 నంబరు బండిని పట్టుకుని ఇంకా వేలాడటమేమిటని బంధువులు కూడా అంటున్నారు.

లైట్లెన్నో రోగాలన్ని అనే ఈ లెక్కే తప్పు. ఐదూ ఒకే క్షణాన వెలిగాయంటే రోగం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. ఏబీఎస్, స్టీరింగ్ మోటారు, ఎయిర్‌బ్యాగ్ మూడూ కూడబలుక్కుని ఒకే సాయంత్రం పాడవుతాయా?

నా కారు 2011 మోడల్. ధర్మవరం నుంచి హిందూపురం వస్తూ, పెనుకొండ దాటి, సోమందేపల్లి దగ్గర హైవే దిగి మలుపు తిరుగుతున్నాను. చీకటి పడుతోంది, హెడ్‌లైట్లు వేశాను, ఏసీ నడుస్తోంది. స్టీరింగ్ తిప్పగానే చెక్ ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, హ్యాండ్‌బ్రేక్ గుర్తులు ఐదూ వెలిగాయి. మర్నాడు ఒక షెడ్డులో స్కానర్ పెట్టారు. కోడ్లు ఏడు వచ్చాయి. ఏబీఎస్ మాడ్యూల్, స్టీరింగ్ కాలమ్ మార్చాలి, 60 వేలవుతుంది అన్నారు. బ్యాటరీ సంగతి అడిగితే, ‘ఆరు నెలలే కదా అయింది, బాగుంది సార్. ఇది నేను చెప్పేది కాదు, కంప్యూటర్ చెప్పేది’ అన్నాడు షెడ్డు కుర్రాడు.

కంప్యూటర్ ఏం చెబుతుందో తెలుసుకుంటే ఆ మాటలో డొల్లతనం బయటపడుతుంది. స్కానర్ గుచ్చే ఆ సాకెట్, ఓబీడీ-2, అమెరికాలో 1996 నుంచి కార్లకు తప్పనిసరి అయింది. అది పుట్టిందే పొగ మీద నిఘాకు, ఏ పార్టు అమ్మాలో చెప్పడానికి కాదు. అందులో పడే కోడు ఒక ఫిర్యాదు. ఫిర్యాదు చేసినవాణ్నే పట్టుకుని లాకప్‌లో వేసే పోలీసును ఏమంటాం? కారులో మాడ్యూళ్లు చాలావరకు రెండు మెలివేసిన తీగల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించిన క్యాన్ పద్ధతి అది. వాటిలో ఒకటి నోరు మూసుకుంటే మిగిలినవి ‘వాడు పలకడం లేదు’ అని రాసి పెడతాయి. U అక్షరంతో మొదలయ్యే కోడ్లు ఇవే. పైగా ఏబీఎస్ తనకందే వోల్టేజీని తానే చూసుకుంటుంది. అది తగ్గితే కావాలనే పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. అది పాడవడం కాదు, జాగ్రత్తపడటం. నా ఏడు కోడ్లలో P0562 కూడా ఉంది. వోల్టేజీ తక్కువగా ఉందని దాని అర్థం. అమ్మడానికి పార్టు లేని కోడు కాబట్టి దాన్నెవరూ చదవలేదు.

ఆ తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన స్కానర్ తీయలేదు. ‘ఉండప్పా, ముందు కరెంటు చూద్దాం’ అని పాత మల్టీమీటర్ తీశాడు. ఇంజిన్ ఆపి చూస్తే 12.5 వోల్టులు, స్టార్ట్ చేస్తే 14.1. బ్యాటరీ, డైనమో రెండూ బాగున్నాయి. అప్పుడు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి బాడీ మీద పెట్టి, లైట్లూ ఏసీ వేయించి, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పమన్నాడు. మీటరు 1.6 వోల్టులకు ఎక్కింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపినా, బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపే ఎర్త్ చెడిందనే లెక్క.

లేపాక్షిలో వేలాడే స్తంభం చూడని వాళ్లు మా వైపు ఉండరు. చూస్తే నేలకు ఆనినట్టే ఉంటుంది, కింద గుడ్డ దూర్చితే ఇవతలి నుంచి అవతలికి వచ్చేస్తుంది. నా కారు ఎర్త్ పట్టీ కూడా అచ్చం అలాగే ఉంది. బ్యాటరీ ట్రే తీస్తే, బోల్టు బిగించే ఉంది, పట్టీ దానికి తగిలే ఉంది. మధ్యలో మాత్రం తెల్లగా, అంచుల్లో పచ్చగా పొడి పేరుకుంది. పక్కనే రెండు శెనక్కాయ పొట్టులు. ఎలుక సంసారం పెట్టింది గానీ, అదృష్టం, వైర్ల జోలికి పోలేదు. ఆయన సాండ్‌పేపర్‌తో రుద్ది బిగించాడు. మీటరు 0.05 చూపింది. కోడ్లు చెరిపితే మళ్లీ రాలేదు.

అయితే నా కోపం షెడ్డు కుర్రాడి మీద కన్నా మన మీదే ఎక్కువ. పార్టుకు 60 వేలు అడిగితే ఐదువేలు తగ్గించమని బేరమాడతాం. గంటసేపు మీటరు పట్టుకుని వెతికినందుకు 300 అడిగితే ‘చూసినందుక్కూడా డబ్బులా?’ అని మొహం చిట్లిస్తాం. చూపుకు విలువ కట్టని ఊళ్లో మెకానిక్ పార్టులు అమ్మక ఏం చేస్తాడు?

‘బ్యాటరీ వైరు పీకి పది నిమిషాలుంచు, లైట్లు పోతాయి’ అనే ఇంటి వైద్యం కూడా ఇంతే చేటు. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, వేడెంత అని కంప్యూటర్ దాచిపెట్టుకున్న ఆధారాలు చాలా బండ్లలో దాంతో తుడిచిపెట్టుకుపోతాయి. లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

ప్రతి లైటూ ఎర్త్ లోపమేనని నేననను. మాడ్యూళ్లూ చస్తాయి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగినా, ఇంజిన్ వేడి ముల్లు ఎరుపుకు చేరినా అక్కడే ఆపాలి, వోల్టేజీ కొలిచే వేళ కాదది. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటూ వెలిగితే బ్రేక్ ఆయిల్ చూడకుండా కదలొద్దు. చెక్ ఇంజిన్ ఆరుతూ వెలుగుతుంటే ఇంజిన్ మిస్ కొడుతోందని అర్థం, అలాగే లాగితే పొగగొట్టం దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు. నేను కాదనేది వరస తప్పడాన్ని. ముందు కరెంటు, తర్వాత ఎర్త్, తర్వాత ఫ్యూజులు, వైర్లు, చిట్టచివర మాడ్యూల్. ఇక్కడ చివరిది మొదటికొచ్చింది.

ఈసారి మీ బండిలో లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే, ఇంజిన్ ఆపకముందే బోర్డును ఫోన్లో ఫోటో తీసుకోండి. షెడ్డులో ధర అడిగే ముందు వోల్టేజీ ఎంత ఉందో అడగండి. కొలిచి చెప్పినవాడికి, ఏ పార్టూ మార్చకపోయినా, అడిగిన డబ్బులిచ్చి రండి.