ఆరో ఎగ్జిట్ నుంచి అమెరికా దాకా

మేడ్చల్ జనానికి రోడ్ల రకాలు కొత్త కాదు. ఊరి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. నంబరు ఎప్పుడో మారినా పాతవాళ్లకు అది ఇంకా నాగపూర్ హైవేనే. తూర్పున శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. ఈ రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. 2018లో కండ్లకోయ దగ్గర చివరి ముక్క పూర్తయ్యాకే ఆ చుట్టు కలిసింది.

హైవే మీద ట్రాక్టర్ అడ్డొస్తుంది, రాంగ్ రూట్లో బైకు ఎదురొస్తుంది. ఔటర్ మీద బైకుకూ ఆటోకూ ప్రవేశమే లేదు. 2023 నుంచి అక్కడ గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. మేడ్చల్‌ది ఆరో ఎగ్జిట్, శామీర్‌పేటది ఏడోది. ఆరు తప్పిపోతే ఏడు దాకా పోవాల్సిందే. (రివర్స్ గేరు వేసే మహానుభావుల సంగతి వేరు.)

ఇక్కడి రోడ్లు ఎన్ని తెలిసినా, విదేశం వెళ్లే పిల్లల గురించి ఇంట్లో ఉండే భయం ఒక్కటే: ‘అక్కడ కుడివైపు నడపాలట!’ అది నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చిక్కంతా ఎవరి వంతు ముందన్న దగ్గరే.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ శివార్లనే తీసుకుంటే, ఫ్రిస్కో, ప్లేనో వీధుల్లో నాలుగు వైపులా స్టాప్ బోర్డున్న కూడళ్లు ఉంటాయి. సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు. ప్రతి బండీ పూర్తిగా ఆగాలి. ముందు ఆగింది ముందు కదులుతుంది. రెండు ఒకేసారి వస్తే కుడివైపు దానిది వంతు. సందు దొరికితే దూరడమే నేర్పనుకునే చేతికి ఇది పెద్ద పరీక్ష. స్కూలు బస్సు ఎర్రలైట్లు వెలిగించి ఆగితే, డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. టెక్సస్‌లో మొదటిసారి తప్పుకే జరిమానా 500 నుంచి 1,250 డాలర్లు.

నంబర్లలోనూ తిరకాసుంది. మన జాతీయ రహదారుల్లో ఉత్తర దక్షిణాలుగా సాగేవాటికి సరి సంఖ్యలు. అమెరికా ఇంటర్‌స్టేట్లలో సరి సంఖ్యలు తూర్పు పడమరలవి. అక్కడా ఒక 44 ఉంది, టెక్సస్ నుంచి సెయింట్ లూయిస్ దాకా! టెక్సస్ ఎగ్జిట్లకు మైళ్లను బట్టి నంబర్లు వేస్తారు. 28 తర్వాత 31 వస్తే మధ్యలో ఏదో తప్పిపోయిందని కంగారు పడక్కర్లేదు.

బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపు కదా, సులువే అనుకుంటే అదీ పొరపాటే. తెల్లటి గుండ్రం మీద నల్లటి ఏటవాలు గీత కనిపిస్తే ఇష్టమొచ్చినంత వేగంగా పొమ్మని కాదు. డివైడర్ లేని రోడ్డు మీద కారుకు 60 మైళ్లు, ఉంటే 70.

ఇంత తేడా ఉన్నా, మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్‌కు ఇవేవీ తెలియనక్కర్లేదు. ఇక్కడి లైసెన్సు, పాస్‌పోర్టు, ఫారం 4ఏ, వెయ్యి రూపాయల ఫీజు ఉంటే చాలు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం అది ఏడాది చెల్లుతుంది. అయితే టెక్సస్‌లో కాపురం పెట్టినవాళ్లకు మన లైసెన్సుతో గడువు 90 రోజులే, ఆపైన అక్కడి లైసెన్సు తీసుకోవాలి.

పర్మిట్ ఇచ్చేటప్పుడు ఆ దేశపు గుర్తులూ వంతుల పద్ధతీ తెలుగులో ముద్రించిన నాలుగు పేజీలు చేతిలో పెడితే ఆర్టీఏకు పెద్ద ఖర్చేమీ కాదు. మేడ్చల్ డ్రైవింగ్ స్కూళ్లూ ఒక పని చేయొచ్చు. వీసా వచ్చిన లైసెన్సుదారును ఆరో ఎగ్జిట్‌లో ఔటర్ ఎక్కించి, ఎనిమిదో ఎగ్జిట్ కీసర దగ్గర దించి, తిరిగి తీసుకురావాలి. లేన్ మారేటప్పుడు ఇండికేటర్ వేయాలి. హారన్ మాత్రం ముట్టుకోకూడదు.