ఆడలేక ఫైలు ఓడు

“ఫైలు కరప్ట్ అయిందండీ, మా సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.” ఈ మాట విన్న ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఫైలు చెడిపోయింది, ఒప్పుకున్నాను. మరి ప్రోగ్రామ్ ఎందుకు చచ్చినట్టు? అడిగింది అదీ!

పెళ్లిళ్ల సీజన్‌లో ఏ ఊళ్లోనైనా ఫొటో స్టూడియోకి వెళ్లి చూడండి. ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడు రెండు మూడు వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరుస్తాడు. అందులో ఒక్కటి సరిగ్గా కాపీ కాలేదు. కాపీ అవుతుండగా కరెంటు పోయిందో, ఎవరో తొందరపడి కార్డు లాగేశారో. సైజు చూస్తే నిక్షేపంలా ఉంటుంది, లోపల మాత్రం అన్నీ సున్నాలు. ఆ ఫొటో దగ్గరికి రాగానే ప్రోగ్రామ్ మాయం. హెచ్చరిక లేదు, ఫలానా ఫైలు వల్ల అన్న ముక్క లేదు. పొద్దున్నుంచి పేర్చిన పేజీలన్నీ దాంతోపాటే గల్లంతు. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే చోట అదే చావు. సాయం అడిగితే “విండోస్ ఫార్మాట్ కొట్టించండి” అంటారు. జ్వరమొచ్చిందంటే ఇల్లు పడగొట్టమన్నట్టు!

పాడైన బొమ్మ ఫైలు ఎవరూ ఊహించని ఉపద్రవమేమీ కాదు. 1996లో పీఎన్‌జీ ఫార్మాట్‌ను ఖరారు చేసినవాళ్లు మొదటి ఎనిమిది బైట్లలోనే కాపలా పెట్టారు. తొలి బైటు విలువ 137. ఏడు బిట్లే మోసే పాతకాలపు లైను మీదుగా వస్తే అది మారిపోయి దొరికిపోతుంది. తర్వాత పీ, ఎన్, జీ అక్షరాలు, వాటి వెనక కొత్త లైను గుర్తులు. దారిలో ఏ కంప్యూటరైనా దీన్ని మామూలు టెక్స్ట్ అనుకుని ఆ గుర్తుల్ని మార్చేస్తే ఆ సంగతీ అక్కడే బయటపడుతుంది. అంతటితో ఆగలేదు, లోపలి ప్రతి భాగానికీ చివర నాలుగు బైట్ల సీఆర్‌సీ అనే తనిఖీ లెక్క కూడా పెట్టారు. ఫైళ్లు దారిలో దెబ్బతింటాయన్నది వాళ్లకు అనుమానం కాదు, ఖాయం. ఫార్మాట్ రాసినవాళ్లకు తెలిసిన సంగతి దాన్ని చదివే ప్రోగ్రామ్ రాసినవాళ్లకు తెలియకపోతే తప్పు మెమరీ కార్డుదా?

అంతకు ముందు మాట ఇంకొకటి. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఒక గాలివాన రాత్రి ఫోన్ లైను మీదుగా యూనిక్స్ యంత్రంతో పనిచేస్తున్నాడు. లైనులోని రొద చెత్త అక్షరాలుగా లోపలికి దూరి ప్రోగ్రాములు కూలిపోసాగాయి. ఆయన వానను తిట్టి ఊరుకోలేదు. కావాలనే చెత్త తినిపించి చూడమని విద్యార్థులకు పని అప్పజెప్పాడు. 1990లో ఫలితం అచ్చయింది: పరీక్షించిన పనిముట్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కూలడమో బిగుసుకుపోవడమో జరిగింది. ఫజింగ్ అనే విద్య అక్కడే పుట్టింది. మూడున్నర దశాబ్దాలు దాటినా మన దగ్గర డబ్బు పుచ్చుకుని అమ్మే ప్రోగ్రామ్‌కు ఆ పరీక్ష పెట్టరు. కొనుక్కున్నవాడే పరీక్షకుడు!

ఇక జేపెగ్. చాలా ప్రోగ్రాములు దీన్ని చదివే కోడ్ సొంతంగా రాసుకోవు. 1991లో మొదలైన లిబ్‌జేపెగ్‌నో దాని వారసులనో తెచ్చి తగిలించుకుంటాయి. ఆ లైబ్రరీ స్వభావం ఏమిటంటే, దాటలేని తప్పు ఎదురైతే ఒక సందేశం రాసి, ఎగ్జిట్‌ను పిలిచి, మొత్తం ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. జేపెగ్ మొదటి రెండు బైట్లు ఎఫ్ఎఫ్, డీ8 అయి ఉండాలి. స్టూడియో కుర్రాడి ఫైల్లో ఉన్నవి సున్నాలు. ఇంకేం, ఎగ్జిట్. కమాండ్ లైన్ పనిముట్టుకు అది చెల్లుతుంది, డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు చెల్లదు. అందుకే, తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే ఫంక్షన్ ఎవరిది వాళ్లు పెట్టుకునే వీలుంచి, లైబ్రరీతో వచ్చే ఉదాహరణ ఫైల్లో ఆ పని చేసి మరీ చూపించారు. కొన్ని లైన్ల కోడ్! నిజానికి సగంలో తెగిన జేపెగ్‌కు లిబ్‌జేపెగ్ చావదు కూడా. హెచ్చరిక ఇచ్చి, ముగింపు గుర్తు తనే వేసుకుని, దొరికినంత బొమ్మ చూపిస్తుంది, మిగతాది బూడిద రంగు. ఉచితంగా ఇచ్చినవాళ్లకున్న శ్రద్ధ అది.

ఇదంతా పోయిన పేజీలతో తీరే గొడవైతే ఇంత కోపం వచ్చేది కాదు. జేపెగ్‌లో వ్యాఖ్య రాసుకునే చోటు ఒకటుంది. దాని పొడవును రెండు బైట్లలో రాస్తారు, ఆ రెండు బైట్లనూ కలుపుకుని. కాబట్టి అది రెండుకు తగ్గకూడదు. చెడిపోయిన ఫైల్లో సున్నా ఉందనుకోండి. అజాగ్రత్త ప్రోగ్రామ్ అందులోంచి రెండు తీసేస్తుంది, రుణసంఖ్య వస్తుంది, గుర్తు లేని సంఖ్యగా చదివితే అదే 429 కోట్లు. అన్ని బైట్లు కాపీ చేయబోయి, తనది కాని మెమరీ మీద రాసుకుంటూ పోతుంది. కూలిపోతే అదృష్టం. తెలివైన దొంగ ఆ ఫైలు తయారుచేస్తే ప్రోగ్రామ్ కూలదు, అతను చెప్పినట్టు వింటుంది. 2000లో సోలార్ డిజైనర్ అనే మారుపేరున్న పరిశోధకుడు నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో ఈ లోపాన్ని బయటపెట్టాడు. 2004 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన బొమ్మల లైబ్రరీ జీడీఐ ప్లస్‌కు ఎంఎస్04-028 అనే సవరణ విడుదల చేసింది. అదే వ్యాఖ్య, అదే పొడవు, అదే తీసివేత! వివరం అప్పటికే నాలుగేళ్లుగా అందరి ముందూ ఉంది. 2023లో వెబ్‌పీ అనే మరో ఫార్మాట్ బొమ్మలు చదివే లైబ్రరీ వంతు వచ్చింది. దాని మీద ఆధారపడ్డ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పరుగు పరుగున సవరణలు తేవాల్సి వచ్చింది.

కూడికలు తీసివేతలతోనే అయిపోలేదు. వెడల్పు 32,768 పిక్సెళ్లు, ఎత్తూ అంతే, పిక్సెల్‌కు నాలుగు బైట్లు అని ఫైలు చెప్పుకుందనుకోండి. గుణిస్తే సరిగ్గా రెండుకు 32వ ఘాతం. 32 బిట్ల సంఖ్యలో దాని విలువ సున్నా. ప్రోగ్రామ్ సున్నా బైట్ల చోటు అడిగి తెచ్చుకుని, అందులో నాలుగు జీబీల బొమ్మ దింపడానికి కూర్చుంటుంది. ఫైలు చెప్పిన మాటను ఫైలు పొడవుతో సరిచూడనివాడు ఇంజనీరా?

మరమ్మతు పేరుతో జరిగేది మరీ ఘోరం. చదివే కోడ్ మొత్తానికీ చుట్టూ ఒక ట్రై, కింద ఏ తప్పునైనా పట్టి మింగేసే ఖాళీ క్యాచ్. “క్రాష్ పోయింది సార్.” పోయింది, దాంతోపాటు ఫొటో కూడా పోయింది! జీలకర్ర-బెల్లం ఫొటో చప్పుడు లేకుండా జారిపోయి, ఆల్బమ్ అచ్చయి, పెళ్లికూతురి అమ్మ పేజీలు తిప్పాక బయటపడుతుంది. ఇంతకంటే క్రాషే నయం, కనీసం మొహం మీద చెబుతుంది. పైగా మెమరీ అప్పటికే చెరిగిపోయి ఉంటే ఏ క్యాచ్ దాన్ని తిరిగి తేదు.

సరైన పని చాకిరీతో కూడినది, అందుకే చేయరు. కూల్చిన ఫైలును కస్టమర్ దగ్గర అడిగి తీసుకోవాలి. అతని అనుమతితో దాన్ని పరీక్షల ఫోల్డర్‌లో శాశ్వతంగా ఉంచాలి. ఫైల్లోని ప్రతి పొడవునూ మిగిలిన బైట్లతో పోల్చాకే ముందుకెళ్లాలి. గుణకారం 64 బిట్లలో చేసి, దానికి హద్దు పెట్టాలి. దొరికినంత బొమ్మ చూపి, ఫలానా ఫైలు పాడైందని పేరుతో సహా చెప్పాలి. వీటన్నిటికీ మించి, బొమ్మ విప్పే పనిని వేరే ప్రాసెస్‌కు అప్పగించాలి. చస్తే అదొక్కటే చస్తుంది, ఆల్బమ్ పేజీలు బతుకుతాయి. ఇది ఆకాశపుష్పమేమీ కాదు. 2023లో వచ్చిన గ్నోమ్ 45 డెస్క్‌టాప్‌లో లూప్ అనే బొమ్మల వీక్షణి సరిగ్గా ఇలాగే, బోనులో పెట్టిన వేరే ప్రాసెస్‌లో ఫైళ్లు విప్పుతోంది. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్!

ఏటా వేల రూపాయల లైసెన్సు వసూలు చేసే పెద్దమనుషులు మాత్రం కొత్త వెర్షన్ వివరాల్లో “స్థిరత్వం మెరుగుపరిచాం” అని ఒక లైను పడేస్తారు. ఏ ఫైలుకు కూలేది? ఏ లెక్క తప్పింది? పాత వెర్షన్ వాడేవాళ్లకు ప్రమాదం ఉందా లేదా? ఆ మూడూ రాయండి, అప్పుడు రెన్యువల్ డబ్బులు అడగండి.