ఇంటా బయటా : కారు గుర్తు పెట్టారా?

వేసవి వచ్చిందంటే ఇండియానుంచి పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళు వచ్చేరంటే మనం శని ఆదివారాలు ఇంట్లో కూర్చోము. నయాగరా, వాషింగ్టన్ చూపించడం అయిపోగానే కొండలమీద పడతాము. అందుకని ఈ నెల మందూ మాకూ సంగతి కాస్త పక్కన పెట్టి, చేత్తో పట్టుకునే జి.పి.ఎస్. యంత్రం గురించి నాలుగు మాటలు వ్రాద్దామనుకున్నాము. మందుల సంగతి పూర్తిగా తప్పించుకోలేకపోయామని మీకే తెలుస్తుంది లెండి.

2025 జూన్‌లో మా మావయ్యగారినీ, పిల్లలిద్దరినీ తీసుకుని గ్రేట్ స్మోకీ కొండలకు వెళ్ళాము. టెనెసీ రాష్ట్రం మొత్తానికి ఎత్తయిన శిఖరం, 6,643 అడుగులది, అక్కడే ఉంది. మనలో చాలామందికి క్లింగ్‌మన్స్ డోమ్ అనే పేరుతోనే తెలుసు. 2024 సెప్టెంబరులో దానికి చెరోకీ వాళ్ళ పాత పేరు కువోహీ మళ్ళీ పెట్టారు. శిఖరం కింద కార్లు ఆపేచోటునుంచి ఆండ్రూస్ బాల్డ్ అనే గడ్డిమైదానానికి 1.8 మైళ్ళ కాలిబాట. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. జూన్ నెలలో అక్కడ నారింజరంగు అజేలియాలు విరగబూస్తాయి. మావారు గార్మిన్ ఈట్రెక్స్ 20ఎక్స్ యంత్రం మెళ్ళో తగిలించుకుని ముందు నడిచారు. వెనకాల మేము.

పూలు చూశాము, ఫొటోలు తీసుకున్నాము, పిల్లలు పులిహోర తిన్నారు. సాయంత్రం అయిదున్నరకి ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. పది గజాల అవతల మనిషి కనపడడు. ఆ మైదానం మీద జనం నడిచి నడిచి అటూ ఇటూ నాలుగైదు బాటలు పడి ఉన్నాయి. మేము ఏ మూలనుంచి లోపలికి వచ్చామో ఎవరికీ తోచలేదు. ఒక బాట పట్టుకుని వెళితే పొదల్లో ఆగిపోయింది. ఇంకొకటీ అంతే.

మావారు యంత్రం తీశారు. తెరమీద దూరంగా ఒక రోడ్డు గీత తప్ప ఏమీ లేదు. కొండల మ్యాపు ఉన్న చిన్న కార్డు ఇంట్లో కంప్యూటరుకే ఉండిపోయింది. కొలరాడో వెళదామనుకున్నప్పుడు ఆ మ్యాపు ఎక్కించడానికని బయటకి తీసి, మళ్ళీ పెట్టడం మరిచారు. సరే, గుర్తుల పట్టీ చూద్దామన్నారు. మూడు వందల పైచిలుకు గుర్తులు! అన్నీ 001, 002, 003. వాటి మధ్య “కారు” అని ఒకటి కనపడింది. నొక్కగానే బాణం ఈశాన్యం చూపించింది, దూరం ఆరు మైళ్ళంది. వారు అటు రెండడుగులు వేశారు కూడా.

“ఏమండీ, రెండు మైళ్ళు కూడా నడవలేదు కదా, కారు ఆరు మైళ్ళ దూరం ఎలా పోయిందీ?” అన్నాము.

అది రెండేళ్ళ క్రితం న్యూఫౌండ్ గాప్ దగ్గర కారు ఆపినప్పుడు పెట్టుకున్న గుర్తు. ఈసారి కారు దిగినప్పుడు గుర్తు పెట్టనే లేదు.

ఇంతలో పెద్దాడు “తాతగారు మాట్లాడటం లేదమ్మా” అన్నాడు. మావయ్యగారు ఒక రాతిమీద కూర్చుని ఉన్నారు. అంత చలిలోనూ నుదుటిమీద చెమట. పేరు పెట్టి పిలిస్తే నెమ్మదిగా తలెత్తారు. ఆయన పొద్దున్న షుగరుకి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్నారు. కొండదారి మలుపుల్లో కడుపులో తిప్పుతుందేమోనని మధ్యాహ్నం భోజనం సరిగా చెయ్యలేదు. డాక్టర్లమై ఉండి ఆ సంగతి కనిపెట్టలేదు. సంచీలో మీటరు ఉంది కాబట్టి చూశాము: 58. పిల్లవాడి పళ్ళరసం డబ్బా తాగించాము. పదిహేను గ్రాముల చక్కెర, పదిహేను నిమిషాల ఆగుడు, మళ్ళీ పరీక్ష. ఇది మీకందరికీ తెలిసిన లెక్కే. ఆ పదిహేను నిమిషాలు మాకు పదిహేను గంటల్లా గడిచాయి. రెండోసారి 84 వచ్చింది. పులిహోర కూడా తినిపించాము.

తేరుకున్నాక ఆయన మొదటి మాట: “ఏమ్మా, ఆ పెట్టె ఏమంటోంది?” గుర్తులన్నీ అంకెలే ఉన్నాయని చెప్పాము. “మా ఊళ్ళో ప్రతి పుంతకీ, ప్రతి గట్టుకీ పేరుండేది. పేరు లేనిదాన్ని చీకట్లో ఎలా అడుగుతారు?” అన్నారు.

చివరికి మమ్మల్ని కాపాడింది మేము పెట్టుకోని గుర్తే. ఆ యంత్రం ఆన్ చేసి ఉన్నంతసేపూ మనం నడిచిన దారిని తనంతట తానే చుక్కలు చుక్కలుగా దాచుకుంటుంది. దాన్ని ట్రాక్ అంటారు. మ్యాపు లేకపోయినా అది ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి తీసుకుపొమ్మని అడిగితే, మైదానంలోకి మేము ప్రవేశించిన మూలకే తీసుకువెళ్ళింది. అక్కడినుంచి బాట స్పష్టంగానే ఉంది. చీకటి పడకముందే కారు చేరాము.

ఇంటికి వచ్చాక సిగ్గుపడి చేసిన పనులు ఇవి. మీకూ పనికివస్తాయి.

మొదటిది మ్యాపుల సంగతి. మనం ఎక్కడున్నామో ఉపగ్రహాల వల్ల తెలుస్తుంది. దానికి టెలిఫోను టవరు అక్కరలేదు. కాని మన చుట్టూ ఏముందో చెప్పే మ్యాపు ముందుగా యంత్రంలో ఉండాలి. కొన్నప్పుడు వచ్చే మ్యాపులో పెద్ద రోడ్లు, ఊళ్ళు తప్ప కాలిబాటలు ఉండవు. మా యంత్రంలో లోపలి చోటు 3.7 గిగాబైట్లే కాబట్టి పెద్ద మ్యాపులు మైక్రో ఎస్.డి. కార్డుమీద పెట్టుకోవాలి. ఆ కార్డు బ్యాటరీల అడుగున ఉంటుంది. ఉందో లేదో పైకి కనపడదు. మ్యాపు ఫైలు కార్డుమీద గార్మిన్ అనే ఫోల్డరులో ఉండాలి. ఇంకొక జాగ్రత్త: రెండు మ్యాపులకీ ఒకే ఫైలు పేరుంటే కొత్తది పాతదాన్ని చెరిపేస్తుంది. పాత యంత్రాలు ఒకే పేరుని గుర్తుపడతాయి కాని మాలాంటివి వేరు వేరు పేర్లు ఒప్పుకుంటాయి. కాబట్టి స్మోకీలు, కొలరాడో అని పేర్లు మార్చి రెండూ ఉంచుకున్నాము. ఏ ఊరు వెళితే ఆ మ్యాపు ఒక్కటే ఆన్ చేస్తాము. ఒకదానిమీద ఒకటి అన్నీ తెరిస్తే తెర నెమ్మదిస్తుంది, ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. సెల్ ఫోను మీద ఆధారపడేవాళ్ళకీ ఇదే మాట: సిగ్నలు లేనిచోట మ్యాపు కావాలంటే ఇంట్లోనే దింపుకోవాలి.

రెండవది గుర్తులు. వీటిని వేపాయింట్లంటారు. మా యంత్రంలో 2,000 దాకా పడతాయి. పడతాయి కదా అని ఉంచుకోకూడదు. ముందు అన్నిటినీ జి.పి.ఎక్స్. ఫైలుగా కంప్యూటరులోకి ఎక్కించి, యంత్రంలో పాతవి తీసేశాము. ఇక పేర్లు. ఒట్టి “కారు” అని ఎప్పుడూ పెట్టవద్దు. చోటు పేరు ముందు, వస్తువు పేరు తరువాత, ఆపైన నెల: “కువోహీ కారు జూన్” అన్నట్టు. అక్షరాలు నొక్కడం విసుగే. అయినా కారు తలుపు వేసిన వెంటనే అక్కడే నిలబడి పెట్టాలి. తరువాత పెడదాములే అన్నది జరగదు. రోగి మంచం దగ్గర వ్రాయని కేసుషీటు ఇంటికి వచ్చి వ్రాస్తే ఎలా ఉంటుందో మాకు తెలుసు.

మూడవది అంకెలు. ఆపద వచ్చి 911కి చెప్పవలసివస్తే ఉన్నది ఉన్నట్టు చదవాలి. 35.50 డిగ్రీలంటే 35 డిగ్రీల 30 నిమిషాలు. దాన్నే 35 డిగ్రీల 50 నిమిషాలని చెప్పేరంటే వెతికేవాళ్ళు 23 మైళ్ళ అవతలకి వెళతారు. చుక్క ఎక్కడుందో, నిమిషాలున్నాయో లేదో పిల్లలకి కూడా నేర్పండి. మావాళ్ళు రెండు రోజుల్లో నేర్చుకున్నారు.

నాలుగవది, బయల్దేరేముందు పాత ట్రాకు తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, కారు దగ్గరే ఆన్ చెయ్యండి. బాణం చూపిన దూరానికీ మీరు నడిచిన దూరానికీ పొంతన లేకపోతే బాణాన్ని నమ్మకండి.

షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు వెంట ఉంటే అయిదోది కూడా ఉంది: భోజనం చేశారో లేదో అడగండి. తీపి ఏదైనా వాళ్ళ జేబులోనే ఉంచండి, మీ సంచీలో కాదు.

మావయ్యగారు ఆగస్టులో తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోను చేసినప్పుడు మేము ఎటైనా వెళుతున్నామంటే చాలు, క్షేమసమాచారాలకన్నా ముందు “కారు గుర్తు పెట్టారా అమ్మా?” అని అడుగుతున్నారు. పెట్టామనే చెబుతున్నాము. నిజంగానే పెడుతున్నాము.

వచ్చే నెల, ఇండియానుంచి వచ్చే పెద్దవాళ్ళ మందుల చీటీల గురించి. అంతవరకు సెలవు.